ఒక విమానం చార క్షణాల్లో మాయం, ఇంకోదాని చార గంటసేపు ఆకాశంలోనే: ఎందుకని?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. జనవరి మొదట్లో ఒక సాయంత్రం జగిత్యాలలో మీ డాబా మీద నుంచి అరగంట తేడాతో రెండు విమానాలు చూశారు. మొదటిదాని వెనక చిన్న తెల్ల తోక ఉంది, అదీ పుట్టింది పుట్టినట్టే కరిగిపోయింది. రెండోదాని చార మాత్రం పోలేదు. లావెక్కి, వెడల్పై, దూది ఏకి పరిచినట్టు గంటసేపు ఉంది. మీరు పెట్టిన ఫోటోల్లో ఒకదాంట్లో ఆ చార పూసలు గుచ్చినట్టు ముడులు ముడులుగా కనిపిస్తోంది. ఇంకోదాంట్లో పలచటి మబ్బు మీద నల్లటి గీత ఉంది. మీ నాన్నగారి వాట్సాప్ గ్రూపులో ఎవరో "కరిగిపోయేది మామూలు పొగ, నిలిచిపోయేది మందు చల్లిన పొగ" అని రాశారు. నాన్నగారు అప్పటినుంచి డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టనివ్వడం లేదు.

నేను 26 ఏళ్లు వాతావరణ శాఖలో పైగాలుల పరిశీలన చేశాను. పొద్దున ఐదున్నర లెక్కకు ఒకటి, సాయంత్రం ఐదున్నర లెక్కకు ఒకటి, హైడ్రోజన్ నింపిన బెలూన్ వదలడం, దానికి కట్టిన రేడియోసాండ్ అనే చిన్న పరికరం పంపే ఉష్ణోగ్రత, తేమ, పీడనం రాసుకోవడం, ఇదే పని. బెలూన్ కంటికి ఆనినంతసేపూ ఆకాశం వైపే చూస్తాం కనుక విమానాల చారలు చూడటం నాకు ఉద్యోగంతో పాటే అలవాటైంది. పైన గాలిలో తేమ ఎక్కడుందో, ఏ పొరలో ఎంత చలిగా ఉందో మా చార్టు చెప్పేది. ఆ చార్టు చేతిలో పెట్టుకుని చారను చూస్తే రెండూ చాలాసార్లు ఒకే మాట చెప్పేవి. అందుకే ఎవరడిగినా మొదట ఇదే చెప్తాను: చారను చూసి విమానం గురించి తెలిసేది తక్కువ, ఆ విమానం వెళ్లిన గాలి గురించి తెలిసేది ఎక్కువ.

పొగచార అంటాం గానీ అందులో పొగ పాలు చాలా తక్కువ. విమానంలో కాలేది కిరోసిన్ జాతి ఇంధనం. కిలో ఇంధనం కాలితే సుమారు కిలోంబావు నీటి ఆవిరి పుడుతుంది. ఇంధనంలోని హైడ్రోజన్‌కు గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది కనుక బరువు పెరుగుతుంది. ఈ వేడి ఆవిరి బయటికొచ్చి గడ్డకట్టించే చలిలో కలుస్తుంది. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు కాస్త గమనించండి. విజిల్‌ను ఆనుకుని కొద్ది మేర ఏమీ కనిపించదు, ఆ పైన తెల్లగా మొదలవుతుంది. అసలు ఆవిరి కంటికి కనపడదు, చల్లబడి నీటి తుంపరలైతేనే తెల్లగా కనిపిస్తుంది. విమానం ఇంజన్‌కూ చారకూ మధ్య మీకు కనిపించే ఖాళీ అదే, కొన్ని పదుల మీటర్లు ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే మసి రేణువుల మీద ఆవిరి తుంపరలుగా పేరుకుంటుంది, సెకను తిరక్కుండానే ఆ తుంపరలు గడ్డకట్టి మంచు పలుకులవుతాయి.

ఎంత చలి ఉంటే చార పుడుతుందో 1941లో జర్మనీలో ఎర్నెస్ట్ ష్మిట్ లెక్క కట్టాడు, 1953లో అమెరికాలో హెర్బర్ట్ ఆపిల్‌మన్ దాన్ని వాడకానికి పనికొచ్చేలా చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ల జాడ ఈ చారలే పట్టిచ్చేవి కాబట్టి ఆ లెక్క అప్పట్లో ప్రాణాలకు సంబంధించిన విషయం. విమానాలు మామూలుగా ఎగిరే ఎత్తుల్లో ఆ హద్దు సుమారు మైనస్ 40 నుంచి మైనస్ 50 డిగ్రీల మధ్య పడుతుంది. యూరప్ చలికాలంలో 35,000 అడుగుల దగ్గర మైనస్ 55, 60 ఉంటుంది కనుక అక్కడ చార పుట్టడం మామూలే. మన దక్కన్ మీద అదే ఎత్తులో చాలాసార్లు మైనస్ 40 చుట్టుపక్కలే ఉంటుంది. ఇక్కడ 35,000 అడుగుల్లో వెళ్లే విమానానికి చారే ఉండకపోవచ్చు, 39,000లో వెళ్లేదానికి ఉండొచ్చు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న మనవాళ్లు "ఇక్కడ ఆకాశమంతా గీతలే, మన ఊళ్లో ఇన్ని చూడలేదు" అంటుంటారు. అక్కడ విమానాల రద్దీ ఎక్కువన్నది నిజమే, దానికి ఈ చలి తేడా కూడా కలుస్తుంది.

ఇంతవరకు పుట్టుక. మీరు అడిగింది పుట్టాక ఏమవుతుందని. అసలు సంగతి అక్కడే ఉంది.

హారతి కర్పూరం డబ్బా మూత తీసి వదిలేస్తే బిళ్లలు కొన్నాళ్లకు అరిగిపోయి మాయమవుతాయి, ఎక్కడా చుక్క నీరు కనిపించదు. మంచు కూడా పొడిగాలిలో అలాగే, నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. విమానం వెళ్లిన పొర పొడిగా ఉంటే మంచు పలుకులు పుట్టిన కొన్ని సెకన్లకే కరిగిపోతాయి. మీ మొదటి విమానం చిన్న తోక అది. ఆ తోక పొడవును బట్టి గాలి ఎంత పొడిగా ఉందో అంచనా వేయొచ్చు కూడా. ఏ-320 రకం ప్రయాణికుల విమానం పొడవు దాదాపు 38 మీటర్లు, అది సెకనుకు 230 మీటర్ల చొప్పున వెళ్తుంది. తోక పొడవు విమానం పొడవుకు 30 రెట్లు ఉందనుకోండి, అంటే పలుకులు సుమారు ఐదు సెకన్లు బతికాయన్నమాట. చేయి చాపి వేళ్లతో కొలిచినా ఈ లెక్క వస్తుంది.

ఇక రెండోది. గాలిలో తేమను నీటితో పోల్చి కొలిస్తే ఒక లెక్క, మంచుతో పోల్చి కొలిస్తే ఇంకో లెక్క. మైనస్ 50 దగ్గర నీటి లెక్కన సుమారు 60 శాతం తేమ ఉందంటే మంచు లెక్కన 100 శాతం నిండినట్టే. ఆ పైన ఉన్నదంతా మంచుకు మిగులు. కానీ మిగులు ఉన్నంత మాత్రాన మేఘం తనంతట తాను పుట్టదు. మంచు పలుకు మొదలవడానికి ఆధారం కావాలి, ఏ ఆధారమూ లేకపోతే మంచు లెక్కన తేమ 140, 150 శాతానికి చేరేదాకా ఏమీ జరగకపోవచ్చు. అలాంటి గాలి మనకు శుభ్రమైన నీలాకాశంలాగే కనిపిస్తుంది. గోరువెచ్చని పాలు గిన్నె నిండా ఉన్నా తోడు పడందే పెరుగు కావు కదా. విమానం వెళ్తూ వెళ్తూ ఆ పాలల్లో తోడు వేస్తుంది. దాని మంచు పలుకుల మీద చుట్టూ ఉన్న మిగులు తేమ వచ్చి పేరుకుంటుంది. చార పెరుగుతుంది, పరుచుకుంటుంది.

వాట్సాప్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం, ఎందుకంటే జవాబు ఈ తోడులోనే ఉంది. ఏ-320 కిలోమీటరు దూరానికి మూడు కిలోల ఇంధనం కాలుస్తుంది. అంటే వెనక వదిలేది నాలుగు లీటర్ల లోపు నీరు. మీరు చూసిన పరుచుకున్న చార రెండు కిలోమీటర్ల వెడల్పు, కొన్ని వందల మీటర్ల మందం ఉందనుకుని, పలచని మంచు మేఘాల్లో ఉండే తేమ లెక్కన చూస్తే, కిలోమీటరు పొడవుకు వందల కిలోల నుంచి టన్నుల దాకా మంచు తేలుతుంది. ఏ-320 జనంతో, సామానుతో, ఇంధనంతో కలిపి మొత్తం బరువే సుమారు 78 టన్నులు. ఆ తెల్లదనమంతా విమానంలోంచి పోయాలంటే జగిత్యాల నుంచి హైదరాబాద్ చేరేలోపే విమానం బరువంతా అయిపోవాలి. గిన్నెడు పెరుగు చెంచాడు తోడులోంచి రాలేదు, గిన్నెలో ఉన్న పాలదే. అక్కడ తెల్లగా పరుచుకున్నది ముందునుంచీ ఆ గాలిలో ఉన్న నీరే.

2016లో అమెరికా పరిశోధకులు వాతావరణ రసాయన శాస్త్రంలో, భూరసాయన శాస్త్రంలో పనిచేసే 77 మందిని ఈ చల్లడం గురించి అడిగారు. 76 మంది తమకు అలాంటి ఆధారమేదీ కనపడలేదన్నారు. ఇది నాన్నగారికి చెప్పండి, కానీ ముందు కుక్కర్ విజిల్, పాలతోడు చెప్పండి. భయపడ్డ మనిషికి సర్వేల కంటే వంటింటి లెక్క తొందరగా అందుతుంది. ఆయన అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు. ఒకే ఆకాశంలో ఒకటి పోయి ఒకటి ఉండిపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇప్పుడు ఆ "ఒకే ఆకాశం" అన్న మాట దగ్గరికి వద్దాం. కింద నుంచి రెండు విమానాలూ ఒకే ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తాయి, కానీ ఉండవు. 29,000 అడుగుల నుంచి 41,000 దాకా విమానాలను 1,000 అడుగుల తేడాతో మెట్లు మెట్లుగా పంపిస్తారు. తూర్పు వైపు పోయేవాటికి 35, 37, 39 వేలు, పడమర పోయేవాటికి 34, 36, 38 వేలు. మీ ఊరి మీదుగా గల్ఫ్ నుంచి ఆగ్నేయాసియా వైపు వెళ్లేవి ఒక వరసలో ఉంటే, అటునుంచి తిరిగొచ్చేవి ఇంకో వరసలో ఉంటాయి. తేమ పొరలు ఉల్లిపొరల్లాంటివి, చాలావాటి మందం కొన్ని వందల మీటర్లే. 1,000 అడుగులంటే 300 మీటర్లు. ఒక విమానం పొర మధ్యలోంచి, ఇంకోటి ఆ పొర పైనుంచి పోవడానికి అంత తేడా చాలు. పైగా ప్రతి 1,000 అడుగులకూ రెండు డిగ్రీల చలి పెరుగుతుంది. మా బెలూన్ చార్టులో తేమ గీత ఒక్కసారిగా కుడికి దూకి, కాస్త పైన మళ్లీ ఎడమకు పడిపోవడం ఎన్నిసార్లు చూశానో! అంత చలిలో తేమ పరికరం మందకొడిగా పనిచేస్తుంది కాబట్టి నిజానికి ఆ పొరల అంచులు మా గీత చూపించిన దానికంటే ఇంకా పదునుగా ఉండి ఉంటాయి.

అరగంట తేడా కూడా చిన్నది కాదు. ఆ ఎత్తులో గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీయడం శీతాకాలంలో మామూలు. అరగంటలో మీ నెత్తి మీద గాలి 50 కిలోమీటర్లు జరిగిపోయింది, దాని వెనక వేరే గాలి వచ్చింది. మొదటి విమానం ఎగిరిన గాలిలో రెండోది ఎగరనేలేదు.

విమానం తేడా అసలే ఉండదని కాదు. కొత్త ఇంజన్లు ఇంధనంలోని శక్తిని విమానాన్ని ముందుకు తోయడానికి బాగా వాడుకుంటాయి కనుక వాటి వెనక గాలి తక్కువ వేడిగా వస్తుంది, అందులో నీరు మాత్రం అంతే ఉంటుంది. అందువల్ల పాత ఇంజన్‌కు చార పుట్టని కాస్త వెచ్చటి గాలిలో కూడా కొత్తదానికి పుడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఉల్‌రిచ్ షూమన్ బృందం దీన్ని ఎదురుగా చూపించింది. పాత బోయింగ్ 707నూ కొత్త ఎయిర్‌బస్ ఏ-340నూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఎగరేస్తే ఏ-340 వెనక చార ఉంది, 707 వెనక లేదు. "వెనకటికి ఇన్ని చారలు లేవు" అనే పెద్దవాళ్ల మాటలో నిజముంది. దానికి విమానాల సంఖ్య పెరగడం ముఖ్య కారణమైతే, ఇది చిన్న కారణం.

ఇక పూసల ఫోటో. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ కాబట్టి రెండు రెక్కల కొసల దగ్గరా గాలి మెలి తిరుగుతుంది, ఒకవైపు ఇటు, ఒకవైపు అటు. ఈ రెండు సుడులూ ఇంజన్ చారలను తమలోకి లాక్కుంటాయి. నాలుగు ఇంజన్ల విమానానికి కూడా మొదట నాలుగు గీతలు కనిపించి కాసేపటికి రెండే మిగలడానికి కారణం అదే. సుడులు రెండూ ఒకదాన్నొకటి కిందికి నెట్టుకుంటూ సెకనుకు ఒకటి రెండు మీటర్ల చొప్పున దిగుతాయి. ఈలోగా వాటిలో చిన్న వంపు పుట్టి పెరుగుతుంది. వంపు తిరిగిన చోట్ల రెండూ దగ్గరై అతుక్కుని, ఉంగరాలుగా విడిపోతాయి. అమెరికన్ శాస్త్రవేత్త ఎస్.సి. క్రో 1970లో దీని గణితం రాశాడు, అందుకే దీన్ని క్రో అస్థిరత అంటారు. వంపుకూ వంపుకూ మధ్య దూరం సుడుల మధ్య దూరానికి ఎనిమిది రెట్లకు పైగా ఉంటుంది. ఏ-320 లాంటి దానికి అది 200 మీటర్లు దాటుతుంది. మీ ఫోటోలో ముడుల మధ్య ఎడాన్ని ఫోటోలోనే ఉన్న విమానం పొడవుతో పోల్చి చూశాను, ఆరు రెట్లు వచ్చింది. సరిపోయింది.

దిగే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది, 100 మీటర్లకు ఒక డిగ్రీ. తేమ మిగులు బొటాబొటిగా ఉంటే కిందికి దిగిన ముడులు కరిగిపోతాయి, పైన వెనకబడిన పలచటి భాగం మాత్రం బతుకుతుంది. మిగులు బాగా ఉంటే రెండూ బతికి, పై అంచూ కింది అంచూ ఉన్న తెరలా వేలాడుతుంది. ఆ తెర పై అంచు దగ్గర గాలి ఒక వేగంతో, కింది అంచు దగ్గర ఇంకో వేగంతో వీస్తుంటే తెర వాలిపోతుంది. వాలిన తెరను కింద నుంచి చూస్తే వెడల్పైన పట్టీ. పెద్దవైన పలుకులు బరువుకు రాలుతూ కుచ్చుల్లా వేలాడతాయి. మీ చార ఒకవైపు అంచు గీసినట్టు ఉండి రెండోవైపు చెదిరి ఉండటానికి కారణం ఇదీ. అలా పరుచుకున్నదాన్ని కాసేపటి తర్వాత చూసినవాళ్లకు అది విమానం పనని చెప్పినా నమ్మశక్యం కాదు. ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో మేఘాల అట్లాస్ మార్చినప్పుడు పది నిమిషాలకు మించి నిలిచే చారకు సిర్రస్ హోమోజెనిటస్ అని పేరు పెట్టి మేఘాల జాబితాలో చేర్చింది. అది పరుచుకుని మామూలు మేఘంలా మారిపోతే హోమోమ్యుటాటస్. మనవాళ్లు వరదగుడి కట్టిందంటారే, సూర్యుడి చుట్టూ చంద్రుడి చుట్టూ వచ్చే వలయం, అది ఈ పరుచుకున్న చారల్లో కూడా కడుతుంది. ఇది కూడా మంచు పలుకుల మేఘమే కదా. అయితే దాన్ని చూసి రేపు వాన అని చెప్పకండి. పైన తేమ ఉందన్నంతవరకే అది సాక్ష్యం.

చార మధ్యలో తెగి మళ్లీ మొదలైతే పైలట్ మీట నొక్కి ఆపాడని కొందరంటారు. తేమ మడుగులు మడుగులుగా ఉంటుంది. మడుగులో చార, మడుగు దాటాక ఖాళీ, అంతే. ఇంధనం గాల్లో వదిలేయడం వేరే విషయం. అది అత్యవసరంలో, పెద్ద విమానాలు చేసే పని. మన ఆకాశంలో ఎక్కువగా తిరిగే ఏ-320, బోయింగ్ 737లకు ఆ ఏర్పాటే లేదు.

దూరం నుంచి మన వైపే వచ్చే విమానం చార నేలలోంచి నిలువుగా లేచినట్టు ఉంటుంది. మా చిన్నప్పుడు ఊళ్లో పిల్లలమంతా "రాకెట్, రాకెట్" అని అరిచింది అలాంటివి చూసే. 2010 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ తీరంలో టీవీ వాళ్లు ఇలాంటి చారనే తీసి క్షిపణి కాబోలన్నారు, అది చాలావరకు విమానం చారేనని తర్వాత తేలింది. నిజమైన రాకెట్ చార చూడాలంటే శ్రీహరికోట ప్రయోగాల రోజు నెల్లూరు, తిరుపతి వాళ్లను అడగండి. ప్రయోగం అయిన కొద్ది నిమిషాలకు ఆ పొగ పాములా మెలికలు తిరుగుతుంది. రాకెట్ వంకరగా వెళ్లిందని కాదు, ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు లాగింది. మీ చారను వెడల్పు చేసింది కూడా ఆ గాలి తేడాయే.

మందు భయం అక్కర్లేదన్నాను గానీ ఈ చారల వల్ల నష్టమే లేదని అనను. పరుచుకున్న చార పగలు కొంత ఎండను వెనక్కి పంపుతుంది, కానీ రాత్రీ పగలూ భూమి నుంచి పోయే వేడిని పట్టి ఉంచుతుంది. రాత్రి పూట వేడిని ఆపడం ఒక్కటే మిగులుతుంది. 2021లో వచ్చిన ఒక పెద్ద అంచనా ప్రకారం విమానాల కార్బన్ డయాక్సైడ్ కంటే ఈ చార మేఘాల వేడి ప్రభావమే ఎక్కువ, ఆ అంకెలో హెచ్చుతగ్గులకు చాలా చోటుంది. నాకు ఆశ కలిగించేది ఇంకో సంగతి. జపాన్ గగనతలం మీద 2020లో వచ్చిన అధ్యయనంలో, చారల వేడిలో 80 శాతానికి కారణం 2.2 శాతం విమానాలేనని తేలింది. అంటే ఆ కొద్ది విమానాలను తేమ పొర తప్పించి కాస్త పైనుంచో కిందనుంచో పంపితే చాలు. 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 విమానాలతో ప్రయత్నిస్తే చారలు 54 శాతం తగ్గాయి. అలా పంపాలంటే తేమ పొర ఎక్కడుందో ముందే తెలియాలి. అందుకే హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి చోట్ల రోజూ ఎగిరే ఆ బెలూన్లంటే నాకు ఇప్పటికీ అంత పట్టింపు.

మిగిలింది నల్ల గీత ఫోటో. దీనికి రెండు కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. ఒకటి నీడ. విమానం పలచటి మబ్బు పైన వెళ్తుంటే దాని చార నీడ కింది మబ్బు మీద పడుతుంది. సూర్యుడి స్థానాన్ని బట్టి ఆ నీడ విమానం కంటే ముందు పరిగెడుతున్నట్టు కూడా ఉంటుంది. రెండోది, విమానం మబ్బులోంచే వెళ్లి అక్కడి మేఘాన్ని చెరిపేయడం. గడ్డకట్టే స్థాయి కంటే చల్లగా ఉండి కూడా ఇంకా నీటి తుంపరలుగానే ఉన్న మేఘమైతే, విమానం తాకిడికి ఆ తుంపరలు మంచై రాలిపోయి, దారి వెంట ఖాళీ గాడి మిగులుతుంది. నీడైతే పైనున్న చారను బట్టి జరుగుతుంది, చార పోతే పోతుంది, గాడైతే మబ్బుతో పాటు నిలిచి నెమ్మదిగా వెడల్పవుతుంది. ఫోటో ఒక్కదాంతో నేను తేల్చలేను. ఆ సమయానికి సూర్యుడు మీకు ఏ వైపు ఉన్నాడు? గీత ఎంతసేపు ఉంది? ఫోటో తీసిన సమయం మీ ఫోన్లో ఉంటుంది, ఫ్లైట్‌రాడార్ యాప్‌లో ఆ నిమిషానికి ఆ విమానం ఎత్తు ఎంతో చూసి అదీ రాయండి.